గోడకు తగిలిన చెయ్యి

ఆగస్టు 4

ఈ నోటుబుక్కు అక్క కొనిచ్చింది. "కోపం వచ్చినప్పుడల్లా రాయి. చేతికి పనుంటే ఇంకొకడి మొహం మీదికి పోదు" అంది. ఇప్పుడు నాకేం కోపం లేదు. ఊరికే రాస్తున్నాను.

ఈ రోజు యూనివర్సిటీలో మొదటి క్లాసు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే సగం మంది లేచి నిలబడ్డారు, లెక్చరర్‌ననుకుని. నేను నేరుగా వెనక బెంచీకి పోయి కూర్చుంటే ఒకటే నవ్వు. అందరూ మీసం మొలిచీ మొలవని పిల్లలు. నాకు ఇరవై ఎనిమిది. బెంచీ నా బరువుకి కిర్రుమంది. దానికీ నవ్వారు.

పాత ఇనుము యార్డులో మా యజమాని మాట ఇదీ: "డిగ్రీలు నాకొద్దురా. ఆ ఫైనాన్షియల్ అకౌంటింగ్ మొదటి కోర్సు ఒక్కటి పాసై రా. ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ వేస్తా." ఇన్నేళ్ళుగా గ్యాస్ కట్టరుతో కార్లూ బస్సులూ కోస్తున్నాను. ముక్కు చీదితే నల్లగా వస్తుంది. ఫ్యాను కింద కుర్చీ అంటే ఆశ పుట్టదా?

ఇంకో సంగతీ ఉంది. కిందటేడు ఒక లారీ డ్రైవరు పళ్ళు రాలగొట్టినందుకు కోర్టులో బాండు రాసిచ్చాను, ఎవరి మీదా చెయ్యి చేసుకోనని. చేసుకుంటే నేరుగా జైలే. ఆఫీసు గదిలో ఎవరి పళ్ళూ అడ్డం రావని అక్క నమ్మకం.

ఆగస్టు 13

అకౌంటింగ్ మేడమ్ పొట్టి మనిషి. గొంతు మాత్రం మా యార్డు సైరన్.

"డెబిట్ అంటే మంచిదా చెడ్డదా మేడమ్?" అని అడిగాను.

"మంచీ లేదు, చెడ్డా లేదండీ. డెబిట్ ఎడమ వైపు, క్రెడిట్ కుడి వైపు. అంతకు మించి అందులో ఏమీ వెతక్కండి" అంది.

క్లాసు గొల్లున నవ్వింది. పక్కన కూర్చునే కళ్లజోడు అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా పుస్తకంలో గీత గీసి చూపించింది. "షాపులోకి బల్ల కొన్నారనుకో అన్నా. బల్ల లోపలికొచ్చింది, నగదు బయటికి పోయింది. జరిగింది ఒకటే, రాసేది రెండు చోట్ల." మిగతా వాళ్ళంతా నన్ను అంకుల్ అంటారు. ఈ పిల్ల ఒక్కతే అన్నా అంటుంది.

అర్థమైంది. ఇంటికొచ్చే దారంతా చేసి చూసుకున్నాను. బస్సు టికెట్టు, అరటిపళ్ళు, చెప్పు కుట్టించడం. అన్నీ రెండు చోట్ల.

ఆగస్టు 21

యార్డులో ఇద్దరు లోడింగువాళ్ళు కొట్టుకున్నారు. రాగి తీగ ఎవడు దాచాడని మొదలై అమ్మల దాకా పోయింది. ఒకడు ఇనప చువ్వ తీశాడు. రెండోవాడి చెవి సగం ఊడి దవడ మీద వేలాడింది. నెత్తురు తుప్పు మీద పడితే రంగు తేడా తెలియదు, తడి మాత్రం తెలుస్తుంది.

నేను వేలు కూడా పెట్టలేదు. బాండు గుర్తుంది. దూరంగా నిలబడి చూశానంతే.

చూస్తుంటే ఆకలేసింది.

ఆగస్టు 30

అక్క మోచేతికి కట్టు. పెద్ద ఇస్త్రీ యంత్రం తగిలిందట. అక్క హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేస్తుంది. ఆ యంత్రం దుప్పటిని ఇటు మింగి అటు కక్కుతుంది. చెయ్యి తగిలితే కాలదా మరి.

బావే దగ్గరుండి మందు రాశాడు. బావ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. చీమ తలంత స్క్రూలు విప్పే వేళ్ళు. ఇంట్లో గొంతు లేపగా నేను వినలేదు. "జాగ్రత్తగా ఉండమంటే వినదు బావమరిదీ మీ అక్క" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. మా అమ్మానాన్నా పోయాక నన్ను చంకనేసుకు పెంచిన మనిషి అక్క. పెళ్ళయ్యాక కూడా తమ్ముడు మాతోనే ఉంటాడని చెప్పి మరీ చేసుకుంది. బావ ఒప్పుకున్నాడు. అది మరిచిపోకూడదు.

సెప్టెంబర్ 11

ఈ రోజు తరుగు పాఠం. యంత్రం కొన్నప్పటి విలువ ఏటా తగ్గించుకుంటూ పోతే చివరికి మిగిలేది స్క్రాప్ విలువ అంది మేడమ్. జుట్టుకి జెల్లు పట్టించుకునే కుర్రాడు ఒకడున్నాడు, వాడు చెయ్యెత్తి, "మేడమ్, వెనక బెంచీలో అంకుల్ ఉన్నాడు కదా, ఆయన స్క్రాప్ విలువ ఎంత వేసుకోవాలి?" అన్నాడు.

అందరితో పాటు నేనూ నవ్వాను.

క్లాసయ్యాక వరండాలో వాడితో మాట్లాడాను. ఏమీ చెయ్యలేదు. దారికి అడ్డంగా ఉంటే పక్కకి జరిపానంతే.

సెప్టెంబర్ 12

ఆ కుర్రాడి చొక్కా గుండీలు రెండు నా జేబులో ఉన్నాయి. ఎలా వచ్చాయో.

సెప్టెంబర్ 15

మేడమ్ తన గదికి పిలిపించింది. కూర్చోమనలేదు.

"ఆ అబ్బాయి మెట్ల మీంచి పడ్డానంటున్నాడు. మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. మెట్లకి వేళ్ళుంటాయా అండీ?"

"వాడు పొగరుగా మాట్లాడాడు మేడమ్."

"మాట్లాడాడు. దానికి నేను వాడితో చెప్పాల్సింది చెప్పాను. మీరు ముందు బెంచీకి రండి, నా కళ్ళెదుట ఉండండి. నా క్లాసులో ఒకళ్ళకి భయపడి ఇంకొకళ్ళు కూర్చోవడానికి వీల్లేదు. ఇంకొక్కసారి జరిగితే నేనే పోలీసులకి ఫోన్ చేస్తాను."

ముందు బెంచీలో కూర్చున్నాను. కళ్లజోడు పిల్ల నా పక్కకి వస్తుందనుకున్నాను. అటు చివరికి పోయింది. నేను ఆ పిల్లని పన్నెత్తి ఒక్క మాటనలేదే. ఆడపిల్లలకి ఊరికే భయాలు.

సెప్టెంబర్ 29

అక్క పెదవి చిట్లింది. తలుపు తగిలిందట. మా ఇంటి తలుపులకి ఈ మధ్య బాగా పొగరెక్కింది.

అక్టోబర్ 10

మధ్య పరీక్షలో పాస్! ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా ఒక్క పైసా తేడా లేకుండా కలిసింది. కలిసినప్పుడు నా నోట్లోంచి గట్టిగా కేక వచ్చింది. మేడమ్ పెన్ను బల్ల మీద కొట్టింది గానీ నవ్వు దాచుకోలేకపోయింది.

అక్క మార్కుల కాగితం చూసి ముద్దు పెట్టుకుంది. తనకీ మంచి కబురే, లాండ్రీలో సూపర్‌వైజర్‌ని చేశారట. ఇక ఫోన్లు వస్తూ ఉంటాయంది. బావ అన్నం కలుపుకుంటూ, "ఎవరు చేస్తారు ఫోన్లు?" అన్నాడు. మేనేజరంది. "మంచిది" అన్నాడు బావ. మజ్జిగ చాలా పుల్లగా ఉంది.

అక్టోబర్ 17

కుడి చెయ్యి విరిగింది. గోడకి తగిలింది. ఎడమ చేత్తో రాస్తున్నా.

బావ ఆస్పత్రిలో.

అక్టోబర్ 18

అక్క ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

అక్టోబర్ 19

గోడే.

అక్టోబర్ 22

అక్క పోలీసులకి రాసిచ్చింది. బావ మీద, నా మీద. ఇద్దరి మీదా!

అక్టోబర్ 27

యార్డు షెడ్డులో పడుకుంటున్నాను. నాకు బెయిలు ఇప్పించిందీ, ఇక్కడ ఉండనిచ్చిందీ యజమానే. రోజూ అక్షరాలు దిద్దితే ఎడమ చెయ్యి కాస్త దారికొచ్చింది. ఆ రోజు సంగతి మొత్తం రాస్తాను. పోలీసులు కూడా రాసుకున్నారు గానీ, వాళ్ళ రాతలో ఏమీ లేదు.

మేడమ్‌కి జ్వరమొచ్చి క్లాసు జరగలేదు. ఎండ ఉండగానే ఇంటికొచ్చాను. వంటింట్లో పంపు ధారగా పారుతోంది. సింకు నిండి నేలంతా నీళ్ళు. బావ అక్క జుట్టుని పిడికిలికి చుట్టుకుని ఆమె మొహం నీళ్ళలోకి ఒత్తి పట్టుకున్నాడు. గొంతులో కోపమే లేదు. ఫోను బాగుచేస్తున్నప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే, "ఎవరు వాడు? చెబితే వదిలేస్తా కదా. ఎవరు?" అంటున్నాడు. మొహం నీళ్ళలో ఉన్న మనిషి ఎలా చెబుతుంది? అక్క కాళ్ళు నేల మీద జారుతున్నాయి.

మోచెయ్యి, పెదవి. అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందుకొచ్చాయి.

వెనక నుంచి మెడ పట్టుకుని లాగాను. అక్క కిందపడి దగ్గుతోంది. బావ తల ఫ్రిజ్జు పిడికి కొట్టాను. కనుబొమ్మ చీలింది. "బావమరిదీ, విను" అన్నాడు. వినలేదు. దవడ మీద గుద్దితే లోపల పుల్ల విరిగినట్టు వినిపించింది. జారి నీళ్ళలో పడ్డాడు. గుండెల మీద కూర్చున్నాను. కొట్టాను. ముక్కు పక్కకి పోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. పంటిముక్క ఒకటి నా వేళ్ళ సందులో ఇరుక్కుంది. విదిలించి మళ్ళీ కొట్టాను. చేతులు జోడించాడు. జోడించిన చేతుల మీదుగానే కొట్టాను. తర్వాత చేతులు వాటంతటవే విడిపోయి నీళ్ళలో పడ్డాయి.

రాయకూడదు గానీ, హాయిగా ఉంది. యార్డులో ప్రెస్సు కింద కారు నలుగుతుంటే ఉండే హాయి. మధ్యలో ఆపితే సగం కారు మిగిలిపోతుంది.

అక్క "ఆపరా, ఆపరా" అని అరుస్తోంది. బావనే అయి ఉంటుంది.

తర్వాత చెయ్యి గోడకి తగిలింది.

నవంబర్ 5

స్టేషన్‌కి పిలిచారు. బయట బెంచీ మీద అక్క ఉంది. లాండ్రీలో తనతో పని చేసే ఆవిడ తోడొచ్చింది. అక్క నన్ను చూసి లేచి ఆవిడకి ఇటు పక్క నుంచి అటు పక్కకి జరిగి కూర్చుంది. నాకూ అక్కకీ మధ్య ఇప్పుడు ఆవిడ.

"ఎలా ఉందిరా చెయ్యి?" అంది.

"బాగానే ఉంది. నా మీద కేసెందుకు పెట్టావే? నీ కోసమే కదా నేను..."

"గోడకి తగిలిందని రాయించావట."

నేను సిమెంటు కట్టు వైపు చూసుకున్నాను.

"గోడేమిట్రా? పెనం పెట్టి కొట్టింది నేను. నీ రెక్క పట్టుకుని లాగాను, నువ్వు విదిలిస్తే వెళ్ళి పొయ్యికి గుద్దుకున్నాను. వీపు మీద గుద్దాను, నీకు తెలియనే లేదు. అప్పుడు పెనం తీశాను. అది విరిగితే గానీ నువ్వు ఆగలేదు." అంటే నా చెయ్యి. చేతిని 'అది' అంది.

"వాడు నిన్ను చంపేసేవాడు అక్కా."

"వాణ్ణి నా మీంచి లాగావు. దానికి నీకు బతికున్నంత కాలం దండం పెడతాను. అక్కడితో నా కోసం అయిపోయింది. నేను గోడకి జారబడి ఊపిరి తీసుకుంటున్నాను, నువ్వు నా వైపు ఒక్కసారైనా చూశావా? ఆ మిగతాదంతా ఎవరి కోసం?"

"కోపంలో..."

"వాడూ అదే అంటాడు. ప్రేమలో అంటాడు కాస్త మార్చి. ఒరేయ్, కొడుతున్నప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. అది వాడిదో నీదో తెలియడానికి నాకు ఒక్క క్షణం పట్టింది."

తోడొచ్చిన ఆవిడ అక్క భుజం మీద చెయ్యేసింది. లోపల్నుంచి కానిస్టేబుల్ నన్ను పిలిచాడు.

ఇనస్పెక్టరు అడిగితే, గోడ కాదని చెప్పాను. కాగితం మార్చి రాశారు. అడుగున ఎడమ చేత్తో సంతకం పెట్టాను. కోడి కెలికినట్టుంది.

నవంబర్ 6

కాసేపు అక్క మీద ఎంత కోపం వచ్చిందంటే షెడ్డు రేకు తలుపుని తన్నాను. కాలివేలు గోరు ఊడింది.

ఇది కూడా తలుపే తగిలిందని రాద్దామనిపించింది.

నవంబర్ 20

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. సిమెంటు కట్టు చూసి, "ఈసారి ఎవరు?" అంది. చెప్పాను, మొత్తం. వింటూ పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది.

"పరీక్ష రాయడానికి మనిషినిస్తాను. మీరు చెబుతూ ఉంటే రాస్తాడు."

"వద్దు మేడమ్. ఎడమ చేత్తో రాస్తాను. కాస్త ఎక్కువసేపు ఇప్పించండి."

"పంతమా?"

"కాదు మేడమ్. గీతలు నాకు కనపడాలి. నోటితో చెబితే ఎక్కడున్నానో తెలియదు."

అరగంట ఎక్కువ ఇప్పిస్తానంది. నేను లేస్తుంటే, "మీరు జైలుకెళ్తే నాకు బాధగా ఉంటుంది. వెళ్ళకపోతే ఇంకా బాధగా ఉంటుందేమో. నిజంగా తెలియడం లేదండీ నాకు" అంది. ఈ మనిషి ఏదీ నాకు తేలిక చెయ్యదు.

డిసెంబర్ 4

పరీక్ష. కట్టు కట్టిన చెయ్యి కాగితాల మీద బరువుగా పనికొచ్చింది. స్కేలు పట్టుకోవడానికి రెండో చెయ్యి లేక ఖాతాల గీతలన్నీ వంకరపోయాయి. జెల్లు కుర్రాడు నా వెనక వరస. స్కేలు జారి వాడి కాళ్ళ దగ్గర పడింది. తీసిస్తాడని చూశాను. కాళ్ళు లోపలికి లాక్కుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. వాడి మెడ ఇప్పుడు బాగానే ఉంది. కళ్ళు మాత్రం నా ఎడమ చేతి మీదే ఉన్నాయి.

నేనే వంగి తీసుకున్నాను. "సారీ తమ్ముడూ" అన్నాను. వాడి కాళ్ళు ఇంకా లోపలికే ఉన్నాయి.

బ్యాలెన్స్ షీటు కలవలేదు. తేడా ఎక్కడుందో దొరకలేదు. దొరకలేదని కింద రాసి ఇచ్చేశాను.

డిసెంబర్ 12

కోర్టు. వకీలు నిన్నంతా చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: "మీ అక్క ప్రాణం కాపాడటానికే కొట్టానను. ఎప్పుడు ఆపావో గుర్తు లేదను. అంతే." మేజిస్ట్రేట్ అడిగింది, అతను కింద పడి కదలకుండా ఉన్నాక కూడా కొట్టావా అని. వకీలు గొంతు సవరించుకున్నాడు. అక్క అటు కిటికీ వైపు చూస్తోంది.

"కొట్టానండీ. చేతులు జోడించాక కూడా కొట్టాను. అక్క ఆపమంది నన్నే" అన్నాను.

నాలుగు నెలలు. పదహారున లొంగిపోవాలి. బావ మీద విచారణ ఇంకా నడుస్తుంది, అది తేలేదాకా అతను బెయిలు మీద బయటే, కానీ అక్క దరిదాపుల్లోకి పోకూడదని ఆర్డరు వేసింది.

అది అక్కడితో అయిపోతే బాగుండేది. బయట మెట్ల మీద బావ నా పక్కకి వచ్చాడు. దవడకి తీగలు బిగించి ఉన్నాయి, పళ్ళు విడవకుండానే మాట్లాడతాడు. గొంతు అదే, మెత్తగా. "మీ అక్క ఉంటున్నది లాండ్రీ వెనక సందులో మేడ మీద గదే కదా. నువ్వు నాలుగు నెలలు లోపలుంటావు. నేను బయటుంటాను. మరేం దిగులు పెట్టుకోకు బావమరిదీ."

ఎడమ చెయ్యి పిడికిలి అయింది. నేను చెయ్యలేదు, అదే అయింది. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, అంచులకి ఇనప పట్టీలు. ఒక్క తోపు చాలు. తల ఏ మెట్టుకి తగులుతుందో, తీగలు ఎటు తెగుతాయో, ఎలాంటి చప్పుడు వస్తుందో, అంతా ముందే కనిపించింది. నోట్లో నీళ్ళూరాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నీళ్ళూరాయి.

బావ కళ్ళు నా పిడికిలి మీద ఉన్నాయి. కొడతానని ఎదురు చూస్తున్నాడు. కొట్టాలనే అన్నాడు. వాడికి కావలసింది అదే.

వెనక్కి తిరిగి హాల్లోకి పరుగెత్తాను. ఇంకో కేసు నడుస్తోంది. "అమ్మా, ఇప్పుడే మెట్ల మీద బెదిరించాడండీ" అని అరిచాను. గొంతు పగిలి ఆడపిల్ల గొంతులా వచ్చింది. ఎవరో నవ్వారు. జవాను నా రెక్క పట్టుకున్నాడు, విరిగిన చేతినే. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మినా బావ అన్న ప్రతి మాటా అప్పజెప్పాను. బావ నా వెనకే వచ్చి, "నోరే తెరవలేనండీ, ఎలా బెదిరిస్తాను?" అన్నాడు. మెట్ల దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌ని పిలిచారు. ఆవిడ విన్నది. గది ఎక్కడుందో చెబుతుంటే విన్నానంది.

బావని నాకంటే ముందే లోపలికి తీసుకుపోయారు.

అక్క మొదటి వరసలోనే ఉంది. అంతా వింది. ఆమె మొహంలో ఏముందో నాకు చదవడం రాలేదు.

డిసెంబర్ 15

మార్కులు వచ్చాయి. పాసయ్యాను, గట్టెక్కడమంటే గట్టెక్కడమే. ఫ్యాను కింద కుర్చీలో ఇప్పుడు యజమాని మేనల్లుడున్నాడు. "ఏం చెయ్యనురా, నాలుగు నెలలు కుర్చీ ఖాళీగా ఉంచలేను కదా" అన్నాడు. నిజమే.

రేపు లొంగిపోవాలి. ఈ మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళాను. అక్క పెరట్లోకి వచ్చింది. మా మధ్య తడి దుప్పట్ల బండి ఉంది. ఆవిరి లేస్తోంది. బండి చుట్టూ తిరిగి రాలేదు, నేనూ పోలేదు.

పాసయ్యానన్నాను. "మంచిది" అంది. ఒక్కసారి మొహం వెలిగింది, వెంటనే ఆరింది.

"మెట్ల దగ్గర... నువ్వు వాణ్ణి కొట్టకపోవడం..." అని ఆగింది. తర్వాత ఒక దుప్పటి మడత సరిచేస్తూ చెప్పింది. "బయటికొచ్చాక నా గదికి రావద్దురా. నేనే వస్తాను, నువ్వెక్కడుంటే అక్కడికి. నాకు రావాలనిపించినప్పుడు. ఎప్పుడనిపిస్తుందో తెలీదు. అనిపించకపోవచ్చు కూడా."

బతిమాలితే కరిగిపోతుంది. నాకు తెలుసు. చిన్నప్పుడు అన్నం దగ్గర అలిగినా, బడి ఎగ్గొట్టినా, లారీ డ్రైవరు కేసప్పుడూ, బతిమాలి బతిమాలి ఒప్పించుకున్నాను ప్రతిసారీ. ఎలాంటి గొంతు పెడితే అక్క కళ్ళలో నీళ్ళు తిరుగుతాయో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ గొంతు నోటి దాకా వచ్చింది. అది కూడా ఆమె జుట్టు పిడికిలికి చుట్టుకోవడమే.

"సరే అక్కా" అన్నాను.

లోపల ఎవరో పిలిచారు. బండి తోసుకుంటూ వెళ్ళింది. చక్రం ఒకటి మొరాయిస్తుంటే కాలితో తన్ని సరిచేసుకుంది. వెనక్కి చూస్తుందేమోనని నిలబడ్డాను. చూడలేదు.

మంచిదే. చూస్తే పిలిచేవాణ్ణి.